మా పిల్లి తొందరకు రెండు గిన్నెలు, ఒక ఇడ్లీ రేకు

మా పిల్లి పేరు బాబిన్, అంటే కుట్టుమిషనులో దారం చుట్టుకునే చిన్న చక్రం. మూడేళ్ల కిందట కుట్టుమిషను సొరుగులో, దారపుండల మధ్య ముడుచుకుని కనిపిస్తే మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. ఇప్పుడు నాలుగు కిలోలు తూగుతుంది. వీధిలో పుట్టిన ప్రాణం కదా, తిండి కనబడితే వెనకా ముందూ చూడదు.

నేను రాజమహేంద్రవరంలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నాకు కాలం గడియారంలో కన్నా హుక్కుల్లో బాగా తెలుస్తుంది. చేత్తో ఒక హుక్కు కుట్టడానికి నిమిషం. బాబిన్‌కు గింజల తిండి పోసి వచ్చి, ఒక హుక్కు కుట్టి దారం తెంపేసరికి స్టీలు గిన్నె అడుగు కడిగినట్టు మెరుస్తూ ఉండేది. మరో మూడు నాలుగు హుక్కులయ్యాక పొట్ట ఎగరేసుకుంటూ వచ్చి, తిన్నదంతా గింజలు గింజలుగానే కక్కేది. కక్కి, మళ్లీ దాన్నే తినబోయేది. వారానికి మూడుసార్లయినా ఇదే వరస.

గచ్చు మీద అయితే తుడిచి ఊరుకునేదాన్ని. శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు, కత్తిరించి పెట్టుకున్న ధర్మవరం పట్టు ముక్క మీద కక్కింది. పట్టుకు జిడ్డు మరక అంటితే ఏమవుతుందో కుట్టుపని తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. అదే రంగు ముక్క కోసం బజారంతా తిరిగి 850 రూపాయలు నా చేతి నుంచి పెట్టుకున్నాను. ఆ రాత్రే ఫోనులో స్లో ఫీడర్ గిన్నెల కోసం వెతికాను. వీటి లోపల గట్లో బొడిపెలో ఉంటాయి. తిండి వాటి సందుల్లోకి జారుతుంది. పిల్లి నోటినిండా అందుకోలేక కొద్దికొద్దిగా ఏరుకుని తినాలి.

గిన్నె వచ్చేలోపు పశువుల డాక్టరుకు చూపించాను. తిన్న కాసేపటికే, జీర్ణం కాకుండా, గింజ గింజగా బయటికి వస్తున్నదంటే చాలావరకు తొందర తిండి వల్లనే అన్నారు. నమలకుండా మింగిన పొడి గింజలు కడుపులో నీళ్లు పీల్చి ఉబ్బుతాయట. పొట్టలో పురుగులున్నా ఆకలి ఎక్కువవుతుందని మాత్ర వేశారు. తిన్న గంటల తర్వాత కక్కినా, రక్తం కనిపించినా, బాగా తింటూనే బరువు తగ్గుతున్నా గిన్నెలతో కాలక్షేపం చేయవద్దన్నారు. పెద్ద వయసు పిల్లుల్లో థైరాయిడ్ వల్ల కూడా ఈ ఆబ వస్తుందట. మా దానికి ఆ లక్షణాలేవీ లేవు.

మొదట కొన్నది నారింజ రంగు ప్లాస్టిక్ గిన్నె, 299 రూపాయలు. లోపల జంతిక చుట్టులాగా తిరిగిన గట్లు. పెట్టె మీద కుక్క బొమ్మ, పిల్లి బొమ్మ రెండూ ఉన్నాయి కానీ, దాన్ని చేసినవారి మనసులో ఉన్నది కుక్క ఒక్కటేనని టేపు పెట్టి కొలిచాక అర్థమైంది. గట్ల ఎత్తు అంగుళంన్నర. కుక్కకు పొడుగాటి మూతి ఉంటుంది, లోపలికి దూరుతుంది. పిల్లి ముఖం చపాతీలా బల్లపరుపు. బాబిన్ తల దించగానే మీసాలు రెండు పక్కలా గట్లకు తగిలేవి, వెంటనే తల వెనక్కి లాక్కునేది. రెండు పూటలు అలా చూసి, మూడో పూట పంజాతో గింజలు బయటికి తోడి గచ్చు మీద తినడం నేర్చుకుంది. నిజం చెప్పాలంటే నిదానం అక్కడే వచ్చింది. హుక్కు ఒకటి కాస్తా మూడయింది, కక్కడం వారానికి ఒకసారికి తగ్గింది. కానీ దానికి కారణం గచ్చు. గిన్నె చేసిందేమీ లేదు.

ఇక కడగడం. చేపముక్క కలిపిన అన్నం ఒక్కసారి అందులో వేసి చూడండి. ఆ చుట్ల మధ్య ఇరుక్కున్న మెతుకు గరిటెకూ అందదు, పీచుకూ అందదు. చివరికి మిషను తుడిచే బ్రష్షు బలి చేశాను. తెల్లారేసరికి చీమల బారు. నున్నటి టైల్స్ మీద గిన్నె జరుగుతూ, దాని వెనకే పిల్లి జరుగుతూ, ఇద్దరూ వంటింట్లో మొదలై వరండాలో తేలేవారు. నెలన్నరకు బాబిన్ గడ్డం కింద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు వచ్చాయి. ప్లాస్టిక్ మీద గీతలు పడితే వాటిలో జిడ్డు, క్రిములు నిలుస్తాయని, స్టీలుకో పింగాణీకో మారమని డాక్టరు చెప్పారు. అమ్మినవారికి రాస్తే వాడిన వస్తువు వెనక్కి తీసుకోము అన్నారు. అది వాళ్ల నియమం, కాదనను. కానీ పెట్టె మీద పిల్లి బొమ్మ వేయడం మాత్రం అన్యాయం.

ఈ హడావిడి అంతా చూస్తున్న మా అత్తయ్యగారు, “గిన్నెలో ఒక గుండ్రాయి పడెయ్యమ్మా, దాని చుట్టూ తిరిగి తింటుంది” అన్నారు. ఆవిడ చెప్పినట్టే గోదావరి రేవు నుంచి తెచ్చుకున్న నిమ్మకాయంత నున్నటి రాయిని వేడినీళ్లలో కడిగి పెట్టాను. పనిచేసింది. రెండు హుక్కులు! నోట్లో పట్టేంత చిన్న రాయి మాత్రం వద్దు. ఆ ధైర్యంతో మూలన పడి ఉన్న పాత ఇడ్లీ రేకు తీశాను. నాలుగు గుంటలు, గుంటకు నాలుగేసి గింజలు. ఒక గుంట నుంచి ఇంకో గుంటకు వెళ్లడం, వాసన చూడడం, మళ్లీ మొదటి దాన్ని నాకి చూడడం. రెండున్నర హుక్కులు, ఖర్చు సున్నా. లోతు లేదు కనుక మీసాలకు బాధ లేదు, కడగడం మనకు కొత్త కాదు. గుంతపొంగనాల పెనం ఇంకా మేలేమో కానీ, దాన్ని పిల్లికిచ్చే ప్రసక్తే లేదని అత్తయ్యగారు ముందే చెప్పేశారు.

రేకు తేలిక కావడంతో మధ్యలో తిరగబడేది, రాత్రిపూట ఆ చప్పుడుకు ఇల్లంతా లేచేది. అందుకే రెండో గిన్నె కొన్నాను, పింగాణీది, 649 రూపాయలు. జాకెట్టు మజూరీతో పోల్చి చూసుకుని రెండు రోజులు ఆలోచించాను. ఈ సమీక్షలో నా మార్కులు దీనికే. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. అంచు తక్కువ, పళ్లెంలా వెడల్పు. లోపల గట్లకు బదులు చిటికెనవేలి కొసంత గుండ్రటి బొడిపెలు, ఎత్తు అరంగుళం కన్నా తక్కువ. బాబిన్ ముక్కుతో, నాలుకతో బొడిపెల మధ్య ఒక్కొక్క గింజ తీసుకుంటుంది. ఒక పూటకు పోసే 14 గ్రాముల గింజలకు ఆరు హుక్కులు పట్టింది, అంటే ఒక జాకెట్టు పూర్తి. పక్కనుంచి వేలు పెట్టి కడిగితే ఎక్కడా ఏమీ మిగలదు. గడ్డం కింది చుక్కలు కూడా మూడు వారాల్లో పోయాయి.

తడి తిండికి మాత్రం ఇది అంతగా పనికిరాదు. ఉడికించిన కోడిమాంసం బొడిపెల చుట్టూ గుజ్జులా అంటుకుంటే విసుగుపడి వదిలేస్తుంది. దానికి నేను మామూలు స్టీలు పళ్లెంలో చట్నీ పూసినట్టు పలచగా పూస్తున్నాను. నాకడం తప్ప వేరే దారి ఉండదు. (ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండానే ఉడికించాలి, ఉల్లి జాతి పిల్లికి విషం.)

గిన్నెకు రావలసిన మార్కుల్లో కొన్ని వంటింటి కిటికీకి కూడా ఇవ్వాలి. ఎదురింటి ప్రహరీ మీద ఒక నల్ల గండుపిల్లి ఉంది. మా దాని భోజన సమయానికి సరిగ్గా ఊచల దగ్గరకు వచ్చి కూర్చుంటుంది. దాన్ని చూస్తూ తినే పిల్లి నిదానంగా ఎలా తింటుంది? కిటికీ రెక్క మూసిన రోజున రాయి లేకుండానే, స్టీలు గిన్నెలోనే, ఒకటిన్నర హుక్కు పట్టింది. ఇంకొకటి నా తప్పు. పెళ్లిళ్ల కాలంలో పనిలో పడి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పెట్టేదాన్ని. రోజుకు చిన్న చిన్న వేటలు చాలాసార్లు చేసి తినే జాతికి ఇది పెద్ద ఎడం. ఇప్పుడు రోజుకు 56 గ్రాములు తూచి, నాలుగు పూటలుగా పెడుతున్నాను. పూట తప్పకుండా ఉండడానికి మిషను మీద సుద్దముక్కతో గీతలు గీసుకుంటాను.

కొనాలనుకుంటే ముందు టేపు తీయండి. లోపలి గట్టు అరంగుళం దాటితే ముడుచుకున్న మూతి పిల్లికి అది శిక్ష. కొత్త గిన్నె తొలిరోజే ముందు పెట్టి పాతది దాచేయకండి. పక్కపక్కన పెట్టి, కొత్తదానిలో నాలుగు గింజలతో మొదలుపెట్టండి. మొండికేసి తినడం మానేస్తే, ‘ఆకలేస్తే అదే తింటుందిలే’ అని ఊరుకోవద్దు. రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లికి కాలేయం దెబ్బతింటుంది.

పింగాణీ గిన్నె వచ్చి నాలుగు నెలలు. ఇప్పటిదాకా కక్కింది రెండుసార్లు, అందులో ఒకటి వెంట్రుకల ఉండ. అంచు దగ్గర ఒక చోట పెచ్చు ఊడింది, అది నా చేతి నుంచి జారినందుకు. ఉన్న ఇబ్బందల్లా ఒక్కటే. తెల్లవారుజామున నాలుగున్నరకు ఖాళీ గిన్నె అంచును పంజాతో ఎత్తి వదులుతుంది, కింది వాటాలో వాళ్లకు కూడా వినిపించేంత చప్పుడు. అడుగున అతికించడానికి రబ్బరు చాప ముక్క కత్తిరించి పెట్టాను, జిగురు ఇంకా ఆరలేదు.