తలుపు వేసి ఉందా? ‘ది అదర్స్’ సినిమా సమీక్ష

దెయ్యాల సినిమా ప్రేక్షకుణ్ని ఎలా భయపెడుతుందో, ఆ భయాన్ని చివరిదాకా సడలకుండా ఎలా పట్టి ఉంచుతుందో ఒకే ఒక్క చిత్రంతో వివరించమంటే, నేను 2001లో విడుదలైన ‘ది అదర్స్’ను ఎంచుకుంటాను. స్పెయిన్ దర్శకుడు అలెహాండ్రో అమెనాబార్ ఇంగ్లీషులో తీసిన మొదటి చిత్రమిది. నికోల్ కిడ్మన్ ప్రధాన పాత్ర పోషించింది. సుమారు 1.7 కోట్ల డాలర్లతో తీసిన ఈ చిత్రం ప్రపంచవ్యాప్తంగా 20 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. స్పెయిన్ జాతీయ పురస్కారమైన గోయాను ఉత్తమ చిత్రంగా అందుకుంది. ఒక్క స్పానిష్ మాట కూడా వినిపించని సినిమాకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. నెత్తురు దాదాపు కనిపించదు. గ్రాఫిక్స్ ఆర్భాటం లేదు. అయినా అర్ధరాత్రి ఒంటరిగా చూస్తే మధ్యలో లేచి మంచినీళ్లకు వెళ్లడానికి కూడా మనసొప్పదు. ముగింపు ఇప్పటికే చాలామందికి తెలిసి ఉండవచ్చుగానీ, తెలియనివారి కోసం దాన్ని ఈ సమీక్షలో బయటపెట్టడం లేదు.

కథ 1945లో, ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రంలో ఉన్న జెర్సీ దీవిలో జరుగుతుంది. 1940 నుంచి 1945 మే వరకు ఆ దీవి జర్మన్ సైన్యం ఆక్రమణలో ఉంది. ఊరికి దూరంగా, పొగమంచులో మునిగిన ఒక పాతకాలపు భవనంలో గ్రేస్ అనే ఇల్లాలు తన ఇద్దరు పిల్లలతో ఉంటుంది. యుద్ధానికి వెళ్లిన భర్త తిరిగి రాలేదు. పిల్లలు యాన్, నికోలస్‌లకు వెలుతురు పడని జబ్బు ఉంది; ఎండ తగిలితే ఒళ్లంతా పొక్కులు లేచి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని కిటికీలకు ఎప్పుడూ దళసరి తెరలు దించి ఉంటాయి. ఆక్రమణ కాలంలో జర్మన్లు కరెంటు తీసేశారు కాబట్టి ఇంట్లో నూనె దీపాలే గతి. అలాంటి ఇంటికి ఒకనాటి ఉదయం మిసెస్ మిల్స్ అనే పెద్దావిడ, టటిల్ అనే తోటమాలి, మాట రాని లిడియా అనే అమ్మాయి పనికోసం వస్తారు.

గ్రేస్ వాళ్లకు ఇల్లు చూపిస్తూ చెప్పే మాటల్లోనే ఈ సినిమా భయమంతా దాగి ఉంది. ఈ ఇంటికి 50 తలుపులు, వాటికి 15 తాళంచెవులు. వెనుక తలుపు వేసి తాళం పెట్టనిదే ముందున్న తలుపు తీయడానికి వీల్లేదు. వెలుతురు ఒక గదిలోంచి మరో గదిలోకి పారకుండా చూడడం అక్కడ ప్రాణాలతో ముడిపడిన పని. ఆ నియమం విన్న క్షణం నుంచి ప్రేక్షకుడికి కూడా ఒక ఉద్యోగం దొరుకుతుంది. గ్రేస్ ఏ గదిలోకి అడుగుపెట్టినా మన చూపు ఆమె మీద నిలవదు, ఆమె వెనుక ఉన్న తలుపు మీదికి పోతుంది. వేసిందా? తాళం పెట్టిందా? ఇక తాళం వేసిన తలుపు ఒకటి తెరిచి కనిపించిందంటే చాలు, మరే హంగూ లేకుండానే గుండె జారిపోతుంది. మామూలు కథల్లో తెరిచి ఉన్న తలుపును ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాత్రం ఎవరో వచ్చి వెళ్లారనడానికి అదే సాక్ష్యం.

మన ఇళ్లలో పెద్దవాళ్లు దీపాలు పెట్టే వేళ గడప మీద కూర్చోవద్దనీ, రాత్రిపూట ఈల వేయవద్దనీ చెప్పేవారు. కారణం అడిగితే గద్దించేవారు తప్ప చెప్పేవారు కారు. కారణం తెలియని నియమం పిల్లల మనసులో ఎంతకాలం నిలుస్తుందో ఆ మాటలు విని పెరిగిన మనకు వేరే చెప్పనక్కరలేదు. అమెనాబార్ ఈ సంగతి బాగా ఎరిగినవాడు. ముందు నియమాన్ని మన చేత బట్టీ పట్టిస్తాడు, ఆ తరువాత ఎవరో దాన్ని ఉల్లంఘించినట్లు చిన్న ఆనవాలు చూపిస్తాడు, ఎవరన్నది మాత్రం చెప్పడు.

ఈ ఏర్పాటులో మరో మెలిక ఉంది. దెయ్యాల సినిమాల్లో సాధారణంగా చీకటి శత్రువు, వెలుతురు ఊరట. తెల్లవారిందంటే ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. ఇక్కడ ఆ అవకాశం లేదు. చీకటిలో ఏముందో తెలియదు, వెలుతురు వస్తే పిల్లలు బతకరు. తల దాచుకోవడానికి మనకు పగలూ మిగలదు, రాత్రీ మిగలదు. ఒక ఉదయం పిల్లల అరుపులు విని గ్రేస్ పరుగెత్తుకొచ్చేసరికి ఆ గది కిటికీలకు తెరలు లేవు. మరో గదిలోకి తీసుకుపోతే అక్కడా లేవు. ఇల్లంతా ఎక్కడా ఒక్క తెర లేదు. తెల్లని పగటి వెలుగు నిండిన ఆ దృశ్యం సినిమాలోని ఏ చీకటి దృశ్యానికన్నా ఎక్కువ గడగడలాడిస్తుంది. ఎండను చూసి ప్రేక్షకుడు జడుసుకునేలా చేయగలిగిన దర్శకులు ఎందరున్నారో నాకైతే అనుమానమే.

పియానో దృశ్యం గురించి కొంచెం విడిగా చెప్పాలి. రాత్రివేళ, తాళం వేసి ఉన్న సంగీతపు గదిలోంచి పియానో వినిపిస్తుంది. గ్రేస్ తాళం తీసి లోపలికి వెళ్తే అక్కడ ఎవరూ ఉండరు. ఆమె పియానో మూత దించి, దానికీ తాళం పెట్టి బయటికి వస్తుంది. ఇంతవరకు ఇలాంటివి మనం చాలాసార్లు చూసినవే. తరువాత తలుపు విసురుగా మూసుకుని ఆమెను తోసి పడేస్తుంది. ఆమె లేచి తిరిగి లోపలికి వెళ్లేసరికి ఇందాక తాళం పెట్టిన మూత తెరిచి ఉంటుంది. అంతే. ముఖం లేదు, నీడ లేదు, అరుపు లేదు. మూత దించడాన్నీ తాళం పెట్టడాన్నీ మన కళ్లతో మనం చూశాం కాబట్టి, అది ఎవరి భ్రమో అని సర్దిచెప్పుకునే దారి మూసుకుపోతుంది. చప్పుడుతో ఉలిక్కిపడేలా చేయడం ఒక క్షణం పని. కనిపిస్తున్న దానికి సమాధానం దొరకకుండా చేయడం వేరు. మొదటిది తరువాతి దృశ్యానికే మరుపున పడుతుంది, రెండోది ఇంటికి మన వెంట వస్తుంది.

సంగీతం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నేపథ్య సంగీతాన్ని దర్శకుడే స్వయంగా సమకూర్చుకున్నాడు. అందువల్లనేమో, ఎక్కడ వాయించాలో కన్నా ఎక్కడ ఊరుకోవాలో బాగా తెలిసినట్లుంది. చాలాచోట్ల వినిపించేవి తాళంచెవుల గుత్తి గలగల, చెక్క నేల మీద అడుగుల చప్పుడు, పై అంతస్తులో ఎవరో నడుస్తున్నట్లు అలికిడి, ఇంతే. ఛాయాగ్రాహకుడు హావియెర్ అగిరెసరోబె దీపపు కాంతి పడినంతమేరకే ముఖాలను చూపించి, మిగతా తెరను నల్లగా వదిలేస్తాడు. ఆ నల్లని భాగంలో నిజానికి ఏమీ ఉండదు. కాని కళ్లు మాత్రం అక్కడే వెతుకుతూ ఉంటాయి.

యాన్ తెల్లని గౌను, తలమీద ముసుగు వేసుకుని నేల మీద బొమ్మతో ఆడుకునే దృశ్యం ఈ సినిమాకు తలమానికం. గ్రేస్ దగ్గరికి వచ్చేసరికి ముందుగా కనిపించేది బొమ్మను పట్టుకున్న చెయ్యి. అది ముడతలు పడిన ముసలి చెయ్యి. గొంతు మాత్రం పాపదే. ముసుగు వెనుక ముఖం చూపించే ముందు చేతిని చూపించడంలోనే నేర్పు ఉంది. ముఖం ఎలా ఉంటుందోనని ఊహించుకోవడానికి మనకు కొన్ని క్షణాల గడువు ఇస్తాడు, ఆ గడువులో మనల్ని మనమే భయపెట్టుకుంటాం.

భయానికి తోడుగా అనుమానాన్ని నడపడం ఈ చిత్రానికి మరో బలం. ఇంట్లో విక్టర్ అనే పిల్లవాడు తిరుగుతున్నాడని యాన్ చెబుతుంది. ఆ పిల్ల తమ్ముణ్ని ఏడిపించడానికి కథలల్లే రకం కూడా. పనివాళ్లు ఏదో దాస్తున్నట్లు మనకు తెలుస్తూనే ఉంటుంది. గ్రేస్ కరడుగట్టిన క్యాథలిక్కు, తలనొప్పితో సతమతమయ్యే మనిషి, ఎదురుచెప్పిన కూతుర్ని మెట్ల మీద కూర్చోబెట్టి బైబిలు చదివించే తల్లి. ఆమె మతంలో దెయ్యాలకు చోటు లేదు కాబట్టి కళ్లెదుట జరుగుతున్నదాన్ని కూడా ఒప్పుకోదు. నలుగురిలో ఎవరి మాట నమ్మాలో తేలక ప్రేక్షకుడు చివరిదాకా ఊగిసలాడుతూనే ఉంటాడు. కిడ్మన్ నటన ఇందుకు ఎంతగానో తోడ్పడింది. ఆమె బిగించిన పెదవుల్లో తల్లి ప్రేమ ఏదో, ఉన్మాదం ఏదో విడదీసి చెప్పలేం.

తెలుగు దెయ్యాల సినిమాలతో పోల్చినప్పుడు తేడా ఇక్కడే కనిపిస్తుంది. మన కథల్లో సగం దాటేసరికి ఫ్లాష్‌బ్యాక్ మొదలవుతుంది. దెయ్యమైన మనిషికి జరిగిన అన్యాయం తెలిశాక ప్రేక్షకుడు ఆ దెయ్యం పక్షాన చేరిపోతాడు, భయం కాస్తా జాలిగా మారుతుంది, అక్కడి నుంచి అది పగ తీర్చుకునే కథ మాత్రమే. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ విజయం తరువాత వరుసగా వచ్చిన హారర్ కామెడీల్లో ఆ మిగిలిన భయాన్ని కూడా నవ్వులకు అప్పగించారు. 2022లో వచ్చిన ‘మసూద’ మొదటి సగంలో పక్కింటి పిల్ల ప్రవర్తనలో వచ్చే మార్పుల మీదే ఆధారపడి బాగా వణికించింది. సమాధానాలు దొరకడం మొదలయ్యాక ఆ పట్టు కొంత సడలిందని నా అభిప్రాయం. ‘ది అదర్స్’ కూడా సమాధానం ఇస్తుంది. కాని దాన్ని చిట్టచివరి నిమిషాల దాకా దాచి పెడుతుంది.

ఆ దాచిపెట్టడంలో భాగంగా వచ్చే ఒక ఫొటోల పుస్తకం గురించి చెప్పకుండా ఉండలేను. గ్రేస్‌కు ఇంట్లో ఒక పాత ఆల్బం దొరుకుతుంది. అందులో మనుషులందరూ చక్కగా దుస్తులు వేసుకుని కళ్లు మూసుకుని కూర్చుని ఉంటారు. వాళ్లందరూ నిద్రపోతున్నారేమిటని ఆమె అడుగుతుంది. వాళ్లు చనిపోయినవాళ్లని మిసెస్ మిల్స్ నెమ్మదిగా చెబుతుంది. పోయినవారి జ్ఞాపకంగా ఇలా ఫొటోలు తీయించుకునే ఆచారం 19వ శతాబ్దంలో పాశ్చాత్య దేశాల్లో నిజంగానే ఉండేది. కల్పన మధ్యలోకి ఇలాంటి నిజమైన ఆచారం వచ్చి పడినప్పుడు మిగతా కథ కూడా నిజమేనేమో అనిపిస్తుంది.

లోపాలు లేకపోలేదు. భర్త పొగమంచులోంచి తిరిగి వచ్చే ఘట్టం కథకు అవసరమే అయినా, ఆ పావుగంట సినిమా నడక బాగా మందగిస్తుంది. అప్పటిదాకా తలుపుల మీద నిలిచిన మన ధ్యాస చెదిరిపోయి, మళ్లీ కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది. చివర్లో విషయం అర్థమైపోయాక కూడా మాటల్లో మరోసారి వివరించడం నాకు అనవసరం అనిపించింది.

ఫోన్లో, పగటివేళ చూసేవారికి ఈ సినిమా సగమే అందుతుంది. తెరలో మూడొంతులు చీకటిగా ఉండే దృశ్యాలు చాలా ఉన్నాయి. గదిలో వెలుతురు ఉంటే అక్కడ మన ముఖమే ప్రతిబింబిస్తుంది తప్ప మరేమీ కనిపించదు. దీపాలార్పి, మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఏకబిగిన చూడాలి. నిడివి గంటా నలభై నిమిషాల పైచిలుకే కాబట్టి అదేమంత కష్టం కాదు. చిన్నపిల్లలతో కలిసి చూడవద్దు. తల్లీపిల్లల మధ్య జరిగేవి వాళ్లను దెయ్యాలకన్నా ఎక్కువ కలవరపెడతాయి. ముగింపు ముందే తెలిసినవారు కూడా నిరుత్సాహపడనక్కరలేదు. రెండోసారి చూసేటప్పుడు మిసెస్ మిల్స్ పాత్రధారిణి ఫినులా ఫ్లానగన్ మాటలను జాగ్రత్తగా వినండి: మొదటిసారి మర్యాదగా తోచిన ఆమె ప్రతి జవాబులోనూ రెండో అర్థం ఒకటి బయటపడుతుంది, ఒక్కచోట కూడా ఆమె అబద్ధం చెప్పినట్లు నాకు దొరకలేదు.