"లైనక్స్‌ల గంతే వస్తది" అంటే నమ్మకండి: మానిటర్ కొనేవాళ్లకు జాగ్రత్త

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే పార్క్‌లేన్, సీటీసీ వైపు మానిటర్ కొనడానికి వెళ్తున్నవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో విండోస్‌కు బదులు ఉబుంటు, మింట్, ఫెడోరా లాంటి లైనక్స్‌లు వాడేవాళ్లు, డబ్బు కట్టేముందు ఇది చదవండి. పెట్టె మీద 75 హెర్ట్జ్ అని ఉంటుంది, అంటే తెర మీది బొమ్మ సెకనుకు 75 సార్లు మారుతుందని. దీన్నే రిఫ్రెష్ రేటు అంటారు. కంప్యూటర్‌కు తగిలిస్తే 60 మాత్రమే కనిపిస్తుంది. అడిగితే తప్పు లైనక్స్ మీదకు నెట్టి, కస్టమ్ రిఫ్రెష్ రేట్ పెట్టుకోమని ఒక కమాండ్ చేతిలో పెట్టి పంపిస్తారు. ఆ కమాండ్ పుచ్చుకుని ఇంటికి వచ్చేయకండి.

నేను తీసుకున్నది 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో తగిలించాను. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 తప్ప ఇంకో అంకె లేదు. ఫోన్ చేస్తే జవాబు తయారుగా ఉంది: "అన్నా, మీరు లైనక్స్ వాడుతున్నరు కదా, అందుల గంతే వస్తది. కమాండ్ పంపిస్త, కొట్టుకోండ్రి, 75 వచ్చేస్తది." కాసేపట్లో వాట్సాప్‌లో ఎక్స్‌రాండర్ (లైనక్స్‌లో తెర రిజల్యూషన్, రేటు మార్చే ప్రోగ్రామ్) కమాండ్లు వచ్చాయి. అంత చకచకా వచ్చాయంటే, నాకంటే ముందు చాలామందికి పంపి ఉంటారనిపించింది.

అవి కొట్టేముందు మానిటర్ తన గురించి తాను ఏం చెబుతోందో చూశాను. ప్రతి మానిటర్‌లోనూ ఈడీఐడీ అనే చిన్న సమాచార పట్టిక ఉంటుంది. మొదటి భాగం 128 బైట్లే. ఏ రిజల్యూషన్లు, ఏ రేట్లు తను చూపించగలదో అందులో రాసి ఉంటుంది. కేబుల్ తగిలించగానే కంప్యూటర్ దాన్నే చదువుతుంది. విండోస్ అయినా, లైనక్స్ అయినా చదివేది అదే పట్టిక. లైనక్స్‌లో సిస్ ఫోల్డర్ కింద క్లాస్, దాని కింద డీఆర్ఎం అని ఉంటుంది. మీ పోర్టు పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఈడీఐడీ ఫైలు దొరుకుతుంది. ఈడీఐడీ-డీకోడ్ అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసుకుని ఆ ఫైలు ఇస్తే మామూలుగా చదువుకునేట్టు విప్పి చూపిస్తుంది. నా మానిటర్‌లో ఉన్నది ఇది: రిఫ్రెష్ రేటు 56 నుంచి 61 హెర్ట్జ్ వరకు, పిక్సెల్ క్లాక్, అంటే తెరకు చుక్కలు పంపే వేగం, గరిష్ఠం 170 మెగాహెర్ట్జ్.

పెట్టె మీద 75, లోపల 61. నా దృష్టిలో విషయం అక్కడే తేలిపోయింది.

ఆ స్క్రీన్‌షాట్ పంపినా షాపువాళ్లు ఒప్పుకోలేదు. ముందు కమాండ్ కొట్టి చూడమన్నారు. సరే, కొట్టి చూపిస్తేనే నోరు మూతపడుతుందని కొట్టాను. ఇదెలా పనిచేస్తుందో కొంచెం తెలిసి ఉండాలి, లేకపోతే వాళ్లు ఏది చెబితే దానికి తల ఊపాల్సి వస్తుంది. సీవీటీ అనే ప్రోగ్రామ్‌కు వెడల్పు, ఎత్తు, కావాల్సిన రేటు ఇస్తే మోడ్‌లైన్ అనే ఒక వరుస, అంటే తెరకు కావాల్సిన టైమింగ్ అంకెలు, ఇస్తుంది. దాన్ని ఎక్స్‌రాండర్‌లో న్యూమోడ్‌తో నమోదు చేసి, యాడ్‌మోడ్‌తో పోర్టుకు జతచేసి, ఆ తర్వాత ఆన్ చేస్తారు. ఆ వరుసలో మొదటి అంకె పిక్సెల్ క్లాక్. ఫుల్ హెచ్‌డీ 60 దగ్గర మామూలు టైమింగ్ 148.5 మెగాహెర్ట్జ్. అదే 75కి సీవీటీ లెక్క కట్టి ఇచ్చేది 220.75. నా మానిటర్ తాళగలనని రాసుకున్నది 170. ఫలితం అనుకున్నట్టే వచ్చింది: తెర నల్లబడి మధ్యలో "అవుట్ ఆఫ్ రేంజ్" అని చిన్న పెట్టె.

ఇలా ప్రయత్నించేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. కమాండ్ చివర పదిహేను సెకన్లు ఆగి మళ్లీ ఆటో మోడ్‌కు వచ్చేట్టు ఇంకో కమాండ్ జోడించి కొట్టండి. తెర నల్లబడ్డా దానంతటదే తిరిగి వస్తుంది. ఎక్స్‌రాండర్‌తో పెట్టినవి రీబూట్ చేస్తే పోతాయి కాబట్టి భయం లేదు. కానీ పని చేస్తోందని తేలకముందే స్టార్టప్ ఫైలులోనో, తెర సెట్టింగులుండే ఎక్స్‌ఆర్గ్ కాన్ఫిగ్ ఫైలులోనో రాసిపెట్టారంటే ప్రతి బూట్‌కూ నల్ల తెరే. అప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్లి ఆ వరుస తీసేయాలి.

అసలు మోసం బయటపడింది తర్వాతి మెట్టులో. షాపు టెక్నీషియన్ ఇంకో మోడ్‌లైన్ పంపాడు. తెర చుట్టూ ఉండే ఖాళీ సమయాన్ని, అంటే బ్లాంకింగ్‌ను, తగ్గించి క్లాక్‌ను 174.5కి దించింది. ఈసారి బొమ్మ వచ్చింది! ఎక్స్‌రాండర్‌లో 75 పక్కన నక్షత్రం గుర్తు, మానిటర్ మెనూలో కూడా 75 అని. "చూసిండ్రా, వచ్చింది గదా" అన్నాడు. చాలామంది ఇక్కడే తృప్తిపడి ఆగిపోతారు. ఆగొద్దు. మానిటర్ సెకనుకు 75 ఫ్రేములు (ఒక్కో బొమ్మ ఒక్కో ఫ్రేము) తీసుకోవడం వేరు, 75 ఫ్రేములు చూపించడం వేరు.

దాన్ని పట్టుకోవడానికి మొబైల్ కెమెరా చాలు. ఫ్రేమ్ స్కిప్పింగ్ పరీక్ష అని బ్రౌజర్‌లో వెతికితే ఉచిత పేజీలు దొరుకుతాయి. నల్లటి గళ్ల పట్టీలో ఒక తెల్ల గడి వరుసగా ఒక్కొక్క ఫ్రేముకు ఒక్కొక్క గడి చొప్పున జరుగుతూ పోతుంది. ఫుల్ స్క్రీన్ పెట్టి, పేజీలో చూపించే రేటు 75 దగ్గర స్థిరపడేదాకా ఆగండి. లేకపోతే కంప్యూటర్ తడబాటు కూడా మానిటర్ ఖాతాలో పడుతుంది. తర్వాత ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/5 సెకను పెట్టి, చేయి కదలకుండా ఒక ఫోటో తీయండి. మానిటర్ నిజంగా 75 చూపిస్తుంటే తెల్ల గళ్లు మధ్యలో ఖాళీ లేకుండా వరుసగా పడతాయి. నా ఫోటోలో నాలుగు గళ్లు తెలుపు, ఐదోది నలుపు, మళ్లీ నాలుగు తెలుపు, ఒకటి నలుపు. లెక్క కట్టుకోండి: 75లో ప్రతి ఐదో ఫ్రేమూ పోతే మిగిలేది సరిగ్గా 60. అంటే ప్యానెల్ ఎప్పటిలాగే 60 దగ్గరే నడుస్తోంది, అదనంగా వచ్చినవి పారేస్తోంది. మామూలు 60 కంటే ఇది అన్యాయం. పేజీ స్క్రోల్ చేస్తే సన్నగా కుదుపు కనిపిస్తుంది. రోజంతా కోడ్ చూసేవాళ్ల కళ్లకు అది నరకం.

మానిటర్ షాపుకు తీసుకెళ్లి, వాళ్ల కౌంటర్ మీదున్న విండోస్ కంప్యూటర్‌కే తగిలించమన్నాను. అక్కడా 60 ఒక్కటే. లైనక్స్ మాట అంతటితో ఆగిపోయింది. వెంటనే కొత్త మాట ఎత్తుకున్నారు: "మీరు ఓవర్‌క్లాక్ చేసిండ్రు, వారంటీ పోయింది." అంటే మానిటర్‌ను దాని పరిమితికి మించి నడిపానని. కమాండ్ పంపింది వాళ్లే! పైగా ఎక్స్‌రాండర్ పెట్టే మోడ్ కంప్యూటర్ మెమరీలో ఉంటుంది, మానిటర్‌లోకి ఏదీ రాయదు. ఇలా బెదిరిస్తే లొంగకండి. వాళ్ల వాట్సాప్ సందేశాలు, పెట్టె ఫోటో, ఈడీఐడీ స్క్రీన్‌షాట్, గళ్ల ఫోటో అన్నీ దాచుకోండి. డబ్బు వెనక్కి ఇవ్వమంటే కుదరదన్నారు, ఇంకొంత కడితే వేరే మానిటర్ ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. గడువు 2 ఏళ్లు.

అయితే 60 కనిపించిన ప్రతిసారీ షాపుతో గొడవకు దిగొద్దు, ముందు మన వైపు సరిచూసుకోవాలి. మధ్యలో వీజీఏ కన్వర్టర్ ఉంటే అది తీసేసి చూడండి. చాలా గేమింగ్ మానిటర్లలో పూర్తి రేటు డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో రకం పోర్టులోనే వస్తుంది, హెచ్‌డీఎంఐలో తక్కువ. ఆ సంగతి మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. వేలాండ్ (లైనక్స్‌లో తెరను నడిపే కొత్త పద్ధతి) సెషన్‌లో ఉంటే ఎక్స్‌రాండర్‌తో కొత్త మోడ్ పెట్టడం కుదరదు, అది మానిటర్ లోపం కాదు. నిజంగానే లైనక్స్ వెనకబడ్డ చోటు కూడా ఒకటుంది: ఏఎండీ కంపెనీ గ్రాఫిక్స్ కార్డుల ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 పెట్టే ప్రతిపాదనను, ఆ ప్రమాణాన్ని చూసుకునే హెచ్‌డీఎంఐ ఫోరం 2024లో తిరస్కరించింది. ఏఎండీ కార్డుతో 4కే 120 కావాలనుకునేవాళ్లు డిస్‌ప్లేపోర్ట్ ఉన్న మానిటరే తీసుకోండి. ఫుల్ హెచ్‌డీ 75కు మాత్రం ఇవేవీ సాకు కావు. పదేళ్ల నాటి హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు కూడా 340 మెగాహెర్ట్జ్ దాకా లాగుతుంది.

ఇక కొనబోయేవాళ్లకు. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి, లేదా మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి. పెట్టె తెరిపించి, తగిలించి, సెట్టింగ్స్‌లో చెప్పిన రేటు దానంతటది కనిపిస్తేనే డబ్బు కట్టండి. "సీల్ తీస్తే వాపస్ తీసుకోం" అంటే ఆ షాపు వదిలేయండి, పక్కన వంద షాపులున్నాయి. పెట్టె మీద రేటు అచ్చయి ఉందా, విడిగా స్టిక్కర్ అంటించారా చూడండి. నా పెట్టె మీద ఉన్నది స్టిక్కరే. గోరుతో ఒక మూల లేపితే కింద 60 అని అచ్చు కనిపించింది. మానిటర్ వెనక బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నంబరు ఏ తయారీదారుదో తెలుస్తుంది. పెట్టె మీది సీరియల్ నంబరు, వెనకున్నది ఒకటేనా చూసుకోండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి, అందులో "24 అంగుళాల మానిటర్" అని రాసి ఊరుకుంటే ఒప్పుకోవద్దు. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, పక్కనే "75 హెర్ట్జ్" అని వాళ్ల చేత్తో రాయించి ముద్ర వేయించుకోండి.