స్కాన్ నుంచి నేల దాకా: క్లౌడ్‌కంపేర్ ఎంతవరకు పనికొస్తుంది

లేజర్ స్కాన్ ఫైల్ (కోట్ల పాయింట్ల గుంపు, అదే పాయింట్ క్లౌడ్) నుంచి ఆర్కిటెక్ట్ వాడుకోగల నేలను తియ్యడానికి ఏళ్లుగా మేం వాడుతున్నది క్లౌడ్‌కంపేర్ అనే సాఫ్ట్‌వేరే. ఉచితం, ఈ57, ఎల్‌ఏఎస్ అనే స్కాన్ ఫైళ్లు రెండూ తెరుస్తుంది. అక్కర్లేని పాయింట్లు ఏరిపారెయ్యడంలో గట్టిది, గీతలు గీయడంలో మాత్రం నీరసం.

ఫైల్ తెరవగానే గ్లోబల్ షిఫ్ట్ (పెద్ద కోఆర్డినేట్ల నుంచి ఒకే అంకె తీసేసి చిన్నవి చెయ్యడం) అడుగుతుంది. వద్దనకండి. లోపల కోఆర్డినేట్లు 32 బిట్లలో ఉంటాయి. హైదరాబాద్ దగ్గర యూటీఎం (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44వ జోన్‌లో నార్తింగ్, అంటే ఉత్తరం వైపు కొలత, 19 లక్షల మీటర్లు దాటుతుంది. అంత పెద్ద అంకె దగ్గర 32 బిట్లు పట్టుకోగల అతి చిన్న తేడా 12.5 సెం.మీ. షిఫ్ట్ లేకపోతే మిల్లీమీటర్ల స్కాన్ కూడా చారలు చారలుగా విడిపోతుంది. ఒకే సైట్ ఫైళ్లన్నిటికీ ఒకే షిఫ్ట్ ఇవ్వాలి. (జహీరాబాద్, అనంతపురం వైపు పనైతే జోన్ 43 అవుతుంది, సర్వేయర్‌ని ముందే అడగండి.)

మెమరీ లెక్క సులువే. పాయింటుకు కోఆర్డినేట్లు 12 బైట్లు, రంగు 4, ఒక్కో స్కేలార్ ఫీల్డ్ (పాయింటుకు తగిలించే అదనపు విలువ) మరో 4. పది కోట్ల పాయింట్లంటే రంగుతో కలిపి 1.6 జీబీ, ఆక్ట్రీ (పాయింట్లను త్వరగా వెతకడానికి చేసే అమరిక) దానికి అదనం. నేల పనికి సబ్‌శాంపుల్‌లో (పాయింట్లను పలచన చేసే పనిముట్టు) 'స్పేస్' పద్ధతి ఎంచుకుని 2–3 సెం.మీ. దూరం పెడితే చాలు.

నేలను వేరుచేసే సీఎస్‌ఎఫ్ ప్లగిన్ మొత్తం క్లౌడ్‌ను తలకిందులు చేసి, పైనుంచి ఒక వస్త్రాన్ని వదిలినట్టు లెక్క కడుతుంది. అందుకే నేల కింద తేలే దొంగ పాయింట్లు దీనికి ప్రాణాంతకం. అద్దాల గోడలు, కార్లు, రోడ్డు మీద నిలిచిన నీళ్లు లేజర్‌ని వెనక్కి తిప్పితే అవి పుడతాయి. తలకిందులైన క్లౌడ్‌లో అవి శిఖరాలై వస్త్రాన్ని ఎత్తిపట్టుకుంటాయి, చుట్టుపక్కల అసలు నేల ఎగిరిపోతుంది. ఎస్‌ఓఆర్ ఫిల్టర్ ఒంటరి పాయింట్లను తీస్తుంది గానీ గుంపుగా ఉన్నవాటిని వదిలేస్తుంది. పక్కనుంచి చూస్తూ సెగ్మెంట్ పనిముట్టుతో కోసెయ్యడమే దారి. అన్‌డూ లేదు కాబట్టి, కొయ్యక ముందు ఒక క్లోన్ చేసి పెట్టుకోండి.

క్లాత్ రిజల్యూషన్ (వస్త్రం గడి సైజు) 2.0, త్రెషోల్డ్ (వస్త్రానికి ఎంత దూరం లోపు పాయింటు నేల అవుతుందో) 0.5 అన్న డిఫాల్ట్ విలువలు విమానం నుంచి తీసిన స్కాన్‌కి సరిపోతాయి. నేల మీద ట్రైపాడ్‌తో తీసినదానికి అరమీటరు త్రెషోల్డ్ అంటే కెర్బు, పొట్టి గోడ, గడ్డి అన్నీ నేలే. 0.3–0.5 రిజల్యూషన్, 0.1 త్రెషోల్డ్‌తో మొదలుపెట్టండి.

మన దక్కను గుండ్ల దగ్గర ఏ విలువా కుదరదు. సీఎస్‌ఎఫ్‌లో సీన్ సెట్టింగ్‌ని 'స్టీప్ స్లోప్' పెడితే వస్త్రం గుండు మీదికి పాకుతుంది, 'ఫ్లాట్' పెడితే గుండుతో పాటు దాని పక్కన వాలు కూడా పోతుంది. గుండ్లను చేత్తో విడదీసి, వేరే మెష్ (త్రిభుజాలు అతికిన ఉపరితలం) చెయ్యడం మేలు. ముందుకు వాలిన బండ కింది భాగం 2.5డీ మెష్‌లో (ఒక్కో చోట ఒకే ఎత్తు ఉండేది) ఎలాగూ రాదు.

సర్కారు తుమ్మ పొదల కింద పరిస్థితి వేరు, అక్కడ అసలు నేల పాయింట్లే తక్కువ. రాస్టరైజ్‌లో (నేలను గడులుగా మార్చే పనిముట్టు) గడి 0.25 మీ., ఎత్తుకు 'మినిమం' పెట్టండి. ఖాళీ గడుల ఇంటర్‌పొలేషన్‌లో (చుట్టుపక్కల ఎత్తుల నుంచి నింపడం) గరిష్ఠ దూరం 3–4 మీ. దాటనివ్వద్దు. దాటితే చెరువు మీదా, ఇంటి కిందా లేని నేల పుట్టుకొస్తుంది, దాని మీద కాంటూర్లూ (సమాన ఎత్తు గీతలు) చక్కగా వస్తాయి.

అసలు లోటు అంచులది. కాలువ గట్టు, కెర్బు, మెట్ల అంచు గ్రిడ్‌లో గుండ్రంగా అరిగిపోతాయి. పాలీలైన్ ట్రేస్ చెయ్యొచ్చు గానీ విసుగు పుడుతుంది. మేం నేల పాయింట్లను మీటరుకొకటిగా పలచన చేసి సివిల్ 3డీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లి, బ్రేక్‌లైన్లు (నేల వాలు విరిగే అంచు గీతలు) అక్కడే గీస్తాం. ఫైల్ తేలికగా ఉంటుంది, కాంటూర్లు అంచు దగ్గర సరిగ్గా విరుగుతాయి.

ఇచ్చేముందు సర్వేయర్ టోటల్ స్టేషన్‌తో (కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరం) తీసిన పాతిక ముప్పై పాయింట్లను మోడల్‌తో క్లౌడ్–మెష్ దూరం పెట్టి చూడండి. సిమెంటు మీద 2 సెం.మీ. లోపే ఉండి, పచ్చిక మీద పాయింట్లన్నీ మోడల్‌కి 10 సెం.మీ. కిందే పడుతుంటే మోడల్ గడ్డి మీద తేలుతున్నట్టు. ఆ ముక్కకు స్కాన్‌ని పక్కనపెట్టి టోటల్ స్టేషన్ లెవెళ్లే వాడండి.