ఈఎస్ఐ కార్డు: ఏళ్ళ తరబడి వాడినవాడి మాట

మా యూనిట్ క్యాంటీన్‌లో ఈఎస్ఐ (జీతంలో కొంత కోసుకుని, ఇంటిల్లిపాదికీ వైద్యం చూసే ప్రభుత్వ బీమా) మాట వస్తే చాలు, రెండు పార్టీలైపోతాం. "ఆ కటింగ్ ఆపేసి డబ్బు చేతికిస్తే సరిపోయె కదన్నా, జ్వరమొస్తే ఆ డిస్పెన్సరీకి ఎవడు పోతాడు" అనేది ఒక పార్టీ. ఇంట్లో ఎవరికో ఆపరేషన్ అయి గట్టెక్కినవాళ్ళు రెండోది. వీళ్ళు పెద్దగా వాదించరు. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు పీణ్యలో మెషిన్ షాపులో చేరిన నాటినుంచీ నా పే స్లిప్పులో ఆ కటింగ్ ఉంది. నాకైతే రెండు పార్టీలు చెప్పేదీ నిజమే.

లెక్క ముందు చెప్తాను. 18,000 జీతమైతే మన వాటా 0.75 శాతం, నెలకి 135 రూపాయలు. కంపెనీ 3.25 శాతం, అంటే 585 కడుతుంది. 2019 జులైకి ముందు మన వాటా 1.75 ఉండేది. ఆ డబ్బుకి భార్యాపిల్లలు, మన మీద ఆధారపడిన అమ్మానాన్నలు అందరూ వస్తారు. షుగరుందా, బీపీ ఉందా, వయసెంత అని అడగరు. ఇన్ని లక్షలు దాటితే మీరే పెట్టుకోండి అనే గీత కూడా లేదు. బయట ఏ ఏజెంటునైనా ఇలాంటి పాలసీ ఇమ్మని అడిగి చూడండి, నవ్వుతాడు.

మరి తిట్లెందుకు? డిస్పెన్సరీ వల్ల. మనలో చాలామంది చూసే ఈఎస్ఐ అదొక్కటే. మా ఇంటి దగ్గరి డిస్పెన్సరీలో (పేరెందుకులెండి) షిఫ్టుకి ముందే లైను మొదలవుతుంది. లైనులో సగం మడకశిర, మదనపల్లె యాసే. డాక్టరు తల ఎత్తకుండా రాసేస్తాడు. మందుల కిటికీ దగ్గర అసలు గొడవ. మా నాయన బీపీ మాత్రలు నెలకి రాస్తే, ఒక స్ట్రిప్పు చేతిలో పెట్టి, మిగతా బాకీ చీటీ వెనక రాసి "సోమవార బన్ని" (సోమవారం రండి) అన్నాడు కన్నడంలో. సోమవారం పోతే స్టాకు రాలేదు. బయట కొని బిల్లు పెట్టుకోవచ్చు గానీ, ఆ తిరుగుడికి పోయే పూట జీతంతో ఇంకో నెల మందులొస్తాయి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతొకటి. ఈ డిస్పెన్సరీలు నడిపేది రాష్ట్ర ప్రభుత్వం. రాజాజీనగర్‌లో మెడికల్ కాలేజీ ఉన్న పెద్దాసుపత్రి నేరుగా కేంద్రం కింద ఉండే ఈఎస్ఐ కార్పొరేషన్‌ది. జనానికి రెండూ ఒకటే "గవర్నమెంటు". కిటికీ దగ్గర పడిన చెడ్డపేరు మొత్తం పథకానికి అంటుకుంది.

మా నాయనకి గుండెలో బ్లాకు అని తేలినప్పుడు రెఫరల్ లెటర్ ఇచ్చి, ఈఎస్ఐతో టై-అప్ (ఒప్పందం) ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి పంపారు. అక్కడ కౌంటర్లో అమ్మాయి నవ్వు ఈఎస్ఐ అనగానే తగ్గిందనుకోండి. సీలు, ఆధార్, కార్డు మీద ఫోటో అన్నీ తిప్పితిప్పి చూసింది. స్టెంటు మాత్రం బాగానే వేశారు. డిశ్చార్జి రోజు బిల్లులో మేం కట్టాల్సిన చోట సున్నా. మా అమ్మ ఆ కాగితం నా చేత మళ్ళీ చదివించుకుంది. "నిజంగా కట్టేదేం లేదా నాయనా?"

నాకు కామెర్లొచ్చి మంచాన పడ్డప్పుడు జీతంలో 70 శాతం బ్యాంకులో పడింది. ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు, మొదటి రెండు రోజులకి మాత్రం రాదు. కంపెనీలు తీసిచ్చే గ్రూప్ బీమా పాలసీలు ఆసుపత్రి బిల్లు చూస్తాయి గానీ ఇంట్లో పొయ్యి సంగతి చూడవు.

ఊరికి పోతే "ఆరోగ్యశ్రీ ఉండగా ఇదెందుకురా" అంటారు. 2007లో రాజశేఖరరెడ్డి తెచ్చిన ఆ పథకం మా వైపు ఎన్నో ఇళ్ళని నిలబెట్టింది, కాదనను. కానీ జనం ఆరోగ్యశ్రీని "సర్కారు ఇచ్చింది" అంటారు, ఈఎస్ఐని "జీతంలో కోసుకున్నారు" అంటారు. కోత కనిపిస్తుంది కాబట్టి కోపం. ఇచ్చినదాని ఖర్చూ మన పన్నుల్లోంచే పోతుంది, అది పే స్లిప్పులో కనపడదు, అంతే తేడా.

నాకు అసలు కోపం 21,000 పరిమితి మీద. నెల జీతం ఆ గీత దాటితే ఈఎస్ఐ ఉండదు. 2017 జనవరిలో 15,000 నుంచి అక్కడికి పెంచి, తర్వాత ఏళ్ళకేళ్ళు కదపలేదు. బెంగళూరు అద్దెల్లో ఆ జీతం ఏ మూలకి? మా షాపులో ఒకతను ఇంక్రిమెంటుతో గీత దాటాడు. కటింగ్ పోయిందని స్వీట్లు పంచాడు. కొత్తగా వచ్చిన గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులు లేరు. వాళ్ళమ్మ మోకాలి ఆపరేషన్‌కి ఇప్పుడు చీటీ పాడుతున్నాడు.

గీత దాటబోయేవాళ్ళకి ఒక మాట. దాటిన నెలలోనే కార్డు పోదు. సెప్టెంబరు గానీ మార్చి గానీ, ఆ ఆరునెలల కాలం ముగిసేదాకా కటింగ్ నడుస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టినదానికి తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా లాభం ఉంటుంది. ఇంట్లో వాయిదా వేస్తున్న ఆపరేషన్ ఏదైనా ఉంటే ఈలోపే రెఫరల్ సంగతి చూసుకోండి. అమ్మానాన్నల పేర్లు కార్డులో ఎక్కాయో లేదో రేపే హెచ్ఆర్‌ని అడగండి.