కడప పాత సామాన్ల అంగట్లో కామెడీ ఎల్పీలు

ఈ అంగట్లో ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) సరుకు మంచిదే, పేర్చిన తీరే తప్పు. ఒకదానిమీద ఒకటి పడుకోబెడితే కడప ఎండకు వాటి ప్లాస్టిక్ (వినైల్) మెత్తబడి వంగుతుంది; పుస్తకాల్లా నిలబెట్టాలి. కొనేముందు కంటి ఎత్తులో పట్టుకుని అంచు చూడండి.

అమెరికన్ హాస్యనటుడు బాబ్ న్యూహార్ట్ 1960 నాటి తొలి ఆల్బమ్ కనబడితే వదలొద్దు. ఫోన్‌లో అవతలి మనిషి మాట వినిపించకుండానే నవ్విస్తాడు. 1961లో అమెరికా సంగీత పురస్కారాలైన గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ దానికే. మన మిమిక్రీ వేదికల మీద ఒంటరి ఫోన్ సంభాషణలు చూసినవాళ్లకు ఆ కిటుకు ఇట్టే తెలుస్తుంది. అక్కడ మౌనమే ప్రాణం! పాటల్లో దాగిపోయే రికార్డు చిటపట ఆ మౌనంలోనే బయటపడుతుంది. కాబట్టి మాటల మధ్య ఖాళీలే వినిపించమని అడగండి.

లక్క కలిసిన పాత 78 ప్లేట్లను (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) మాత్రం స్పిరిట్‌తో తుడవకండి, పైపొర కరుగుతుంది. వాటికి ముల్లు కూడా వేరే, లావుపాటిది.