మా ఆయన సంతకం అడగని బ్రాంచి: మారతహళ్ళిలో నా ముద్ర లోన్

మాది ఒంగోలు. ఇక్కడ బెంగళూరులో, మారతహళ్ళి పక్కన మున్నేకొళాలలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. కస్టమర్లు ఎక్కువగా పీజీల్లో ఉండే మన పిల్లలే. డీప్ ఫ్రిజ్, పెద్ద గ్రైండర్, పక్క షట్టర్ అడ్వాన్సు కోసం ముద్ర లోన్‌కి, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వ స్కీం కింద బ్యాంకులిచ్చే లోన్‌కి తిరిగాను. చూసినవి రెండు బ్రాంచీలు, రెండూ ప్రభుత్వ బ్యాంకులవే. పేర్లు రాయను, ఒకే బ్యాంకులో కూడా బ్రాంచికో తీరు.

మొదటి దానికి ఒక్క స్టార్, అదీ ఏసీ ఉన్నందుకు. నా ఫైలు తెరవకముందే "మీ హస్బెండ్ ఏం చేస్తారు?" అన్నారు. ఆయన శాలరీ స్లిప్ కావాలి, సంతకం కావాలి, పైగా బెంగళూరులో సొంతిల్లున్న ఎవరో ఒకరు గ్యారంటీ ఉండాలి. 10 లక్షల దాకా తాకట్టే అక్కర్లేని స్కీంకి ఈ మెలికలు!

మా మరిదికి అదే రోడ్డులో టిఫిన్ సెంటర్. అతన్నీ లోకల్ గ్యారంటీ అడిగారు కానీ, భార్య సంతకం ఊసే లేదు. నెల జీతం వచ్చేది మా తోడికోడలికే, ఆవిడ టీచరు. మా పక్కన బ్లౌజులు కుట్టే కన్నడావిడకి గ్యారంటీ గోల లేదు, ఇల్లుంది. ఆ ఇల్లు మొగుడి పేరున ఉంది కాబట్టి ఆయన సంతకం మాత్రం తప్పలేదు. నాకు రెండూ పడ్డాయి.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలికి చెబితే పడీపడీ నవ్వింది. అక్కడ మాత్రం? 1988లో చట్టం తెచ్చేదాకా కొన్ని రాష్ట్రాల్లో ఆడవాళ్ళ బిజినెస్ లోన్‌కి మగ బంధువు సంతకం అడిగేవారు.

చివరికి ఆ మొదటి బ్రాంచి వాళ్ళు "50 వేల శిశు లోన్ తీసుకోండి మేడమ్, ఈజీగా అవుతుంది" అన్నారు. ముద్రలో అన్నిటికన్నా చిన్న రకం అది. 2015లో ముద్ర మొదలైనప్పటి నుంచి ఖాతాల్లో మూడింట రెండొంతులు ఆడవాళ్ళవేనని గొప్పగా చెబుతారు గానీ, మొత్తం ఖాతాల్లో ఎక్కువ ఈ శిశు లోన్లే. 50 వేలకి ఫ్రిజ్ వస్తే గ్రైండర్ రాదు.

రెండో బ్రాంచికి నాలుగు స్టార్లు. లోన్ ఆఫీసర్ గారు ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్), ట్రేడ్ లైసెన్స్ చూసి, నా కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంట్ ముందేసుకుని పెన్సిల్‌తో గీతలు పెడుతూ కూర్చున్నారు. జనవరి దగ్గర ఆగి, "ఈ వారం సేల్స్ ఎందుకు పడిపోయాయమ్మా?" అన్నారు, సగం కన్నడం సగం తెలుగులో. "సంక్రాంతి సార్. కస్టమర్లంతా ఊళ్ళకి పోతారు, నేనూ షట్టర్ దించి పోతా." తలూపి టిక్కు పెట్టారు. క్యూఆర్ కోడ్ నా పేరున ఉండబట్టి ఆ లెక్కంతా నాదని తేలింది. మన వాళ్ళ కొట్లలో గరిటె ఆడవాళ్ళ చేతిలో, క్యూఆర్ మగవాళ్ళ పేరున ఉంటుంది. అమ్మకాలెంతున్నా ఆవిడ అకౌంట్లో ఏమీ కనపడదు. ముందు అది మార్చుకోండి.

ఆరు లక్షలడిగితే నాలుగున్నర ఇచ్చారు. షట్టర్ అడ్వాన్సుకి చీటీ పాడాల్సొచ్చింది. లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ పాలసీ కూడా అంటగట్టబోయారు, తప్పనిసరా అని గట్టిగా అడిగితే వెనక్కి తగ్గారు. ఒక స్టార్ అందుకే కోశాను.

ఆడవాళ్ళ వ్యాపారాలకి కర్ణాటక ప్రభుత్వం పెట్టిన "ఉద్యోగిని" అనే లోన్ స్కీంలో సబ్సిడీ ఉంది కానీ అది ఇక్కడి వాసులకే, నా ఆధార్‌లో ఇంకా ఒంగోలు అడ్రసే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఏజెంట్లకి డబ్బులివ్వకండి. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకు సెలవు.