కొలాజినేజ్ టైప్ 2: కణాలు దొరుకుతాయి, వాటి చిరునామా పోతుంది

ఒంట్లో కొవ్వు తగ్గించే పొడి కాదిది. ఎలుక నుంచి తీసిన కొవ్వును కణాలుగా విడగొట్టే ల్యాబ్ ఎంజైమ్. ఊబకాయంలో మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే రోగనిరోధక కణాలు) ఎన్ని పెరిగాయో లెక్కపెట్టడానికి బాగా పనికొస్తుంది. అవి సింపథెటిక్ నరాల (కొవ్వును కరిగించమని సంకేతం పంపే నరాల) మీద ఉన్నాయా లేదా అంటే మాత్రం దీన్ని అడిగి లాభం లేదు.

గ్రాము కొవ్వును సన్నగా తరిగి, 1 మి.గ్రా./మి.లీ. బలమున్న ద్రావణం 3 నుంచి 5 మి.లీ. పోసి, 37 డిగ్రీల దగ్గర 30 నుంచి 45 నిమిషాలు ఊపితే చాలు. కాల్షియం లేకపోతే ఈ ఎంజైమ్ పనిచేయదు, అందుకే ఆపడానికి కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ వేస్తారు. ఫాస్ఫేట్ బఫర్‌లో కాల్షియం ఎక్కువైతే తెల్లటి మడ్డి కడుతుంది. ఫాస్ఫేట్ లేని హెపీస్ బఫర్ నయం. లావైన ఎలుక కొవ్వులో పీచు ఎక్కువ కాబట్టి ఇంకో పది నిమిషాలు పట్టొచ్చు. అంతకు మించి ఉంచితే కణాల మీది ప్రోటీన్లు తెగి, కణాలను గుర్తుపట్టడానికి వాడే యాంటీబాడీ పట్టదు.

తొడ మొదట్లోని కొవ్వు వాడేవాళ్లు ముందు అందులోని లింఫ్ గ్రంథిని తీసేయాలి. అది మిగిలిపోతే ఆ గ్రంథిలో నిండి ఉండే లింఫోసైట్ల (ఇంకో రకం రోగనిరోధక కణాల) లెక్క అమాంతం పెరిగి, అదే ఊబకాయం ప్రభావమన్న భ్రమ కలుగుతుంది. ఇంకో చిక్కు: కొవ్వు మింగి ఉబ్బిన మాక్రోఫేజ్‌లు కొన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినప్పుడు అడుగుకు దిగకుండా పై పొరతో తేలిపోతాయి. అవీ అసలు కావలసిన కణాలే.

ఇక నరాల సంగతి. సింపథెటిక్ న్యూరాన్ల కణదేహాలు కొవ్వులో ఉండవు, గాంగ్లియాల్లో (కొవ్వు బయటి నరాల ముడుల్లో) ఉంటాయి. కొవ్వులోకి వచ్చేవి పొడవాటి తీగలే, అవి ఈ పొడి దెబ్బకు తునకలవుతాయి. ఆ తీగలను అంటిపెట్టుకుని ఉండే మాక్రోఫేజ్‌లు నరాలు వదిలే నోర్‌ఎపినెఫ్రిన్ అనే సంకేత రసాయనాన్ని ఎస్‌ఎల్‌సీ6ఏ2 అనే రవాణా ప్రోటీన్ ద్వారా లోపలికి లాగి, ఎంఏఓ-ఏ అనే ఎంజైమ్‌తో విరిచేస్తాయని 2017లో తేలింది. కొవ్వును కరిగించమనే సంకేతం అలా బలహీనపడుతుంది. గొట్టంలో మాక్రోఫేజ్ మీద నరం ప్రోటీన్ కనిపించినంత మాత్రాన అది నరం మీదిదే అనుకోకూడదు, తెగిన తునక అంటుకుని ఉండొచ్చు. అందుకే అదే కొవ్వులో ఒక ముక్కను ఎంజైమ్‌లో వేయకుండా దాచి, నరాల గుర్తైన టైరోసిన్ హైడ్రాక్సిలేజ్‌కూ, మాక్రోఫేజ్‌ల గుర్తైన ఎఫ్4/80కీ రంగులు వేసి కాన్ఫోకల్ మైక్రోస్కోపు కింద చూడాలి.

ఈ ఎంజైమ్ ఒక్కో లాట్ (ఒకేసారి తయారైన సరుకు) బలం ఒక్కోలా ఉంటుంది. శాంపిల్ తెప్పించి పరీక్షించాక, ప్రయోగం మొత్తానికి సరిపడా ఒకే లాట్ కొనండి.